బస్సు కిటికీలోనుండి మన చేను



ఈ నెల మాకందిన ఉత్తరములలో ఒకటి నా బల్లమీద చాలా దినములు ఉండిపోయింది. గోదావరి ప్రాంతమునుండి ఒక రైతు సోదరుడు వ్రాశారు. సిద్ధాంతము వంతెనకు, తణుకుకు మధ్య జాతీయ రహదారిని ఆనుకొని వారికి ఎకరమున్నర పొలమున్నది. రోడ్డు వెంబడి ఆ పొలము పొడవు యాభై మీటర్లు. గట్టుమీద కొబ్బరిచెట్లు, లోపల వరి, వెనుక అరటి. మొన్నామధ్య ప్రకటనల కంపెనీ మనిషి ఒకడు మోటారు సైకిలుమీద వచ్చి, గట్టు మూలన ఇనుప స్తంభములు పాతి పెద్ద హోర్డింగు పెట్టుకుంటామని, ఏడాదికింత అని అద్దె ఇస్తామని చెప్పి వెళ్ళాడట. అడ్డముగా ఉన్న రెండు కొబ్బరిచెట్లు మాత్రము కొట్టివేయాలట.

ఆ సోదరుడు ఇలా వ్రాశారు. “అద్దె డబ్బు చేతికి వస్తే పిల్ల కాలేజీ ఫీజు వెళ్ళిపోతుంది. రోడ్డున పోయేవాళ్ళు ఆగరు, దిగరు. వాళ్ళకు మన చేను కనబడుతుందా అసలు? కనబడని అందమునకు విలువేమిటి అని నేనంటాను. మా అమ్మ మాత్రము, కనబడకపోతే ఆ కంపెనీవాడు అక్కడే పెడతానని ఎందుకు వచ్చాడురా అని అడుగుతున్నది. దీనికి మీరేమంటారు?”

నిజము చెప్పాలంటే ఆ తల్లి అడిగిన మాటకు నాకు వెంటనే జవాబు తోచలేదు. రహదారిమీద పోయేవారు ఏమి చూస్తారు? దేనిని అందమంటారు? చదువుకున్నవారు దీనిని గూర్చి చాలాకాలముగా పరిశోధిస్తూనే ఉన్నారు. వారి సంగతికి వెళ్ళేముందు మా పిల్లల సంగతి చెప్పనివ్వండి.

గత వేసవిలో మా సండే స్కూలు పిల్లలను బస్సులో తణుకునుండి విశాఖపట్టణము తీసుకొని వెళ్ళాము. దిగిన తరువాత ఒక్కొక్కరికి ఒక కాగితము ఇచ్చి, దారిలో చూసినవాటిలో జ్ఞాపకమున్న మూడు సంగతులు వ్రాయమన్నాను. బాగున్నవని కాదు, జ్ఞాపకమున్నవి మాత్రమే. దాదాపు అందరి కాగితములలోను గోదావరి ఉన్నది. సిద్ధాంతము దగ్గర వసిష్ఠ, రావులపాలెము దాటాక గౌతమి, రెండు పాయలను ఒకటే నది అనుకొన్నవారూ ఉన్నారు. తరువాత కడియపులంక నర్సరీల పూలు. ఆ తరువాత అన్నవరము, తుని వైపు కొండలు. ఒక పిల్లవాడు బోల్తాపడిన లారీని వ్రాశాడు. ఒకడు నగల దుకాణపు హోర్డింగుమీద ఉన్న సినిమా నటిని వ్రాసి, మరల సిగ్గుపడి కొట్టివేశాడు. ఒక పాప రోడ్డు ప్రక్కన ధాన్యము ఎండబోసి కాళ్ళతో తిరగవేస్తున్న ముసలమ్మను వ్రాసింది. రోడ్డు మధ్యలో మైళ్ళకొద్దీ పూసియున్న గన్నేరును గూర్చి మాత్రము ఒక్కరూ వ్రాయలేదు! ప్రతి క్షణమూ కంటిముందు ఉన్నది అదే.

ఇది పరీక్షా కాదు, పరిశోధనా కాదు. సరదాకు చేసిన పని. అయితే పెద్దవారు చేసిన పరిశోధనల ఫలితములు కూడా ఇంచుమించు ఈ దారిలోనే ఉండుట చూచి ఆశ్చర్యపోయాను.

అమెరికాలో డోనాల్డ్ యాపిల్‌యార్డ్, కెవిన్ లించ్, జాన్ మయర్ అను ముగ్గురు కలిసి 1964లో ఒక పుస్తకము ప్రచురించారు. రోడ్డుమీదనుండి కనబడే దృశ్యము దాని విషయము. వారు బోస్టన్ చుట్టుప్రక్కల రహదారులమీద తిరుగుతూ తమకు కనబడినవి బొమ్మలు గీసుకొనేవారు, టేపురికార్డరులో చెప్పుకొనేవారు. ప్రయాణికునికి దృశ్యము గోడమీది పటమువలె నిలిచి ఉండదనీ, ఒకదాని వెంట ఒకటి వస్తూ సినిమావలె, సంగీతమువలె సాగుతుందనీ వారన్నారు. చాలాసేపు ఒకేరకముగా సాగితే మనసు విసుగుతుంది. నది వచ్చినా, వంపు తిరిగినా, కొండ లేచినా మరల మేలుకొంటుంది. మన పిల్లలకు గోదావరి జ్ఞాపకముండి గన్నేరు మరుపుకు వచ్చుట ఇందుకే కాబోలు.

1976లో అమెరికా అటవీశాఖ తరపున టెర్రీ డేనియల్, రాన్ బోస్టర్ అనువారు దృశ్యముల అందమును కొలిచే పద్ధతి ఒకటి తయారుచేశారు. ఫోటోలు తెరమీద చూపించి, చూచినవారిని పదింటికి మార్కులు వేయమనుటయే ఆ పద్ధతి. అందము ఎవరి కంటికి వారిదే అంటాము గదా! ఇటువంటి పరీక్షలలో మాత్రము జనుల అభిప్రాయములు మనమనుకొన్నంత దూరదూరముగా ఉండవని తేలింది. నీళ్ళు, పెద్ద చెట్లు, దూరపు కొండలు, శ్రద్ధగా సాగుచేసిన పొలములు మార్కులు తెచ్చుకుంటాయి. కరెంటు తీగల గందరగోళము, చెత్తకుప్పలు, త్రవ్వి వదలిన క్వారీలు, వరుసగా నిలిచిన హోర్డింగులు పోగొట్టుకుంటాయి.

అందమైన దారికోసము మనిషి తన సమయము ఖర్చు చేస్తాడా? రోజర్ ఉల్రిచ్ అను పరిశోధకుడు 1974లో మిచిగన్ రాష్ట్రములోని యాన్ ఆర్బర్ పట్టణములో దీనినే పరిశీలించాడు. బజారుకు పోవుటకు అక్కడివారికి రెండు దారులున్నవి. ఒకటి త్వరగా చేర్చే పెద్ద రహదారి. రెండవది చెట్ల మధ్యగా వంపులు తిరుగుతూ పోయే దారి, కొంచెము ఆలస్యము. చాలామంది తమ ప్రయాణములలో అనేకసార్లు ఆలస్యమయ్యే దారినే ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే దారి బాగుంటుందనుటయే ముఖ్య కారణముగా తేలింది. వెళ్ళేది ఏ పుణ్యక్షేత్రమునకో కాదు, సరుకులు కొనుటకే!

ఆయనే మరికొందరితో కలిసి చేసిన మరియొక పరీక్ష 1998లో ప్రచురింపబడినది. 160 మంది విద్యార్థులకు మనసును కొంచెము ఒత్తిడికి గురిచేసే పని ఒకటి పెట్టి, కారు ప్రయాణపు వీడియో చూపించి, మరల అటువంటి పనే పెట్టారు. కొందరు చూచిన దారిలో చెట్లు, పచ్చదనము, కొందరు చూచిన దారిలో కట్టడములు, దుకాణములు. రక్తపోటు మొదలైనవి కొలిచి చూస్తే, పచ్చని దారి చూచినవారు ఒత్తిడినుండి త్వరగా తేరుకున్నారు. రెండవసారి వచ్చిన ఒత్తిడిని కూడ మెరుగుగా తట్టుకున్నారు. రాత్రంతా లారీ నడిపి తెల్లవారి మన ఊరిమీదుగా పోయే డ్రైవరును ఒకసారి తలంచుకోండి. మన కొబ్బరితోటలు అతనికి ఏమి ఇస్తున్నవో అతనికి కూడ తెలియదు.

ఇక మన సోదరుని పొలమునకు వద్దాము. చిన్న లెక్క. నేను లెక్కల మాస్టారును కాను గాని, ఇది ఎవరైనా వేయగలరు. ఎద్దులబండి గంటకు నాలుగు కిలోమీటర్లు పోతుందనుకుంటే యాభై మీటర్ల పొలమును దాటుటకు నలభై అయిదు సెకన్లు పడుతుంది. చేను ఏ దశలో ఉన్నదో, తెగులు పట్టినదో లేదో, గట్టుమీద ఎవరు కూర్చున్నారో చూచి పలకరించే సమయమున్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోయే బస్సుకు మూడు సెకన్లు. 100 కిలోమీటర్ల వేగముతో పోయే కారుకు రెండు సెకన్లు కూడ లేదు. రెప్పవేసి తెరచేసరికి పొలము వెనుకబడినది.

పైగా వేగము పెరిగేకొద్దీ డ్రైవరు చూపు ఇరుకవుతుంది. దూరముగా, ఎదురుగా ఉన్నదే కనబడుతుంది. ప్రక్కనున్నది చెరిగిపోతుంది. బస్సులో వెనుక సీటులో కూర్చున్నవారికి కూడ రోడ్డు అంచున ఉన్న గడ్డి గీతలుగా పోతుంది గాని, అరకిలోమీటరు దూరమున ఉన్న తాడిచెట్ల వరుస మెల్లగా కదులుతుంది. కొండ అయితే చాలాసేపు మనతోనే నడుస్తుంది. కనుక సోదరుడు చెప్పినదానిలో సగము నిజమే. ఆయన చేను ఒక్కటే ఎవరికీ కనబడదు. కనబడేది ఆయన చేను, ప్రక్కవారి చేను, దాని ప్రక్క తోట, చెరువు, వెనుక తాడిచెట్లు, అన్నీ కలిసిన ఒక పచ్చని వరుస. ఆ వరుస పేరే మన ఊరు. దానిని ఏ ఒక్కరూ నాటలేదు, ఏ ఒక్కరూ అమ్మలేరు.

అయితే హోర్డింగు సంగతి వేరు. పొలము రోడ్డుకు ప్రక్కవాటుగా పడుకొని ఉంటుంది. హోర్డింగు ఎదురు తిరిగి, వచ్చేవాని ముఖమువైపు చూస్తూ నిలబడుతుంది. అది రెండు సెకన్లు కాదు, అరకిలోమీటరు ముందునుండే, అనగా ఆ కారువానికి పద్దెనిమిది సెకన్ల ముందునుండే కనబడుతుంది. ఆ తల్లి అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. కంపెనీవాడు కొనేది ఆ రెండు కొబ్బరిచెట్లున్న మూల కాదమ్మా. ఆ మూలకు ముందు అరకిలోమీటరు పొడవున మీ ఇరుగుపొరుగువారు పెంచిన పచ్చదనమువలన వచ్చేవాని కన్ను ఖాళీగా, హాయిగా ఉన్నది గదా, ఆ కన్నును కొంటున్నాడు. అద్దె మాత్రము మీ ఒక్కరికే వస్తుంది. అయిదారు హోర్డింగులు వచ్చి నిలిచిన తరువాత అదే కంపెనీవాడు, ఇక్కడ రద్దీ ఎక్కువైనది, మా బోర్డు కనబడుట లేదని అద్దె తగ్గించుననుటలో నాకు సందేహము లేదు.

ఈ తగవు మనకొక్కరికే రాలేదు. అమెరికాలో అధ్యక్షుడు జాన్సన్ సతీమణి లేడీ బర్డ్ జాన్సన్ పట్టుబట్టి, రహదారుల అందమునకు 1965లో ఒక చట్టము తెప్పించింది. ముఖ్య రహదారుల అంచునుండి 660 అడుగులలోపల హోర్డింగులను అదుపు చేయుట దాని ఉద్దేశము. వ్యాపార ప్రాంతములకు మినహాయింపు ఇచ్చినందున బోర్డులు పోలేదు. వెర్మాంట్ అను చిన్న కొండ రాష్ట్రము 1968లో ఇంకా ముందుకు వెళ్ళి హోర్డింగులను పూర్తిగా నిషేధించింది. అక్కడ ఫలానా హోటలు ఇటు వైపు అని తెలుపుటకు ఒకే కొలత గల చిన్న బోర్డులుంటాయి. మన దేశములో 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల వెంబడి మద్యము దుకాణములను గూర్చి ఇచ్చిన తీర్పులో, మద్యము దొరుకునని తెలుపు బోర్డులు, ప్రకటనలు కూడ ఆ రహదారులమీద ఉండరాదని చెప్పినది. దుకాణముల దూరమును గూర్చి తరువాత కొన్ని సడలింపులు వచ్చినవి. కంటికి ఎర వేయుట తాగించుటలో ఒక భాగమేనని ఆ తీర్పు గ్రహించిందని నాకనిపించింది.

అందము మాట అటుంచి ప్రాణము మాట కూడ చూడాలి. డ్రైవర్లమీద అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశీలన ఫలితములు 2006లో వచ్చినవి. రోడ్డుమీదనుండి చూపు రెండు సెకన్లకు మించి ప్రక్కకు మరలితే ప్రమాదము జరిగే అవకాశము కనీసము రెట్టింపవుతుందని అందులో తేలింది. 100 కిలోమీటర్ల వేగముమీద రెండు సెకన్లనగా యాభై అయిదు మీటర్లు. ఆ దూరములో మన బడి పిల్లలు రోడ్డు దాటుతుంటారు. మరియొకటి. 2024 మే 13న ముంబయిలోని ఘాట్కోపర్‌లో గాలివానకు పెద్ద హోర్డింగు పెట్రోలు బంకుమీద కూలి 17 మంది చనిపోయారు. మనది తుపానుల తీరము. 2014లో హుద్‌హుద్ విశాఖను ఏమి చేసినదో మరువలేదు. కనుక సోదరుడు ఏ నిర్ణయము చేసినా, ఆ స్తంభములకు అనుమతి ఎవరిచ్చారు, గాలికి పడితే బాధ్యత ఎవరిది అను రెండు ప్రశ్నలు కాగితముమీద జవాబు వచ్చేవరకు సంతకము చేయవద్దు. రహదారికి చెందిన స్థలములోనికి ఒక్క అడుగు జరిగినా 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టము క్రింద అది ఆక్రమణ అవుతుంది.

చెట్లయితే ఎంత దగ్గరనున్నా మంచివే అని కూడ నేననను. ఇక్కడ నా మనసు రెండుగా చీలుతుంది. చెన్నై కలకత్తా రోడ్డును మేము 5వ నంబరు అనే పిలిచేవారము. 2010 తరువాత అది 16 అయినది. ఆ రోడ్డు రెండు వరుసలుగా ఉన్న దినములలో చింతలు, నిద్రగన్నేరులు రెండు ప్రక్కలనుండి వంగి పైన కలిసిపోయేవి. నాలుగు వరుసలు వేసినప్పుడు అవి పోయినవి. ఇప్పటికీ కొన్ని చోట్ల దిగులుగా ఉంటుంది. అయితే రాత్రిపూట ఎదురు లైట్ల వెలుగులో ఆ మానులకు గుద్దుకొన్న వాహనములను కూడ నేను చూచియున్నాను. వాటి మొదళ్ళకు తెల్లని పట్టీలు వేసేది ముస్తాబుకు కాదు.

తెలంగాణలో హైదరాబాదు నుండి బీజాపూరు పోయే రహదారిమీద చేవెళ్ళ ప్రాంతపు మర్రిచెట్ల సంగతి చదివియుంటారు. తొమ్మిది వందలకు పైగా మర్రులు. ఆ నీడలో ప్రయాణము చేసినవారు ఎన్నడు మరువరు. వాటిని కొట్టవద్దని ప్రేమించినవారు హరిత ట్రిబ్యునలుకు వెళ్ళారు. రోడ్డు వెడల్పు కాక ఆలస్యమవుతున్నదని ఊళ్ళవారు మొరపెట్టారు. 2025 నవంబరు 3న ఆ దారిలోనే మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొని పలువురు ప్రాణములు కోల్పోయారు. వారిలో ఒకరి తల్లి ముందు నిలబడి చెట్ల అందమును గూర్చి మాట్లాడుట నావలన కాదు. అలాగని ఆ చెట్లే దోషులని అనుటయు నావలన కాదు. మానులను మధ్యలో ఉంచి రెండు ప్రక్కల రోడ్డు వేయవచ్చు. కొన్నిటిని వ్రేళ్ళతో తీసి మరల నాటవచ్చు. ఖర్చుతో కూడిన పని గాని చేయలేని పని కాదు.

పూర్వులు దారి ప్రక్క చెట్టు నాటినది అందమునకు కాదు గదా! కర్నూలు జిల్లా ఎర్రగుడిలో క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దములో అశోకుడు చెక్కించిన శాసనములున్నవి. దారుల వెంబడి బావులు త్రవ్వించితిననీ, చెట్లు నాటించితిననీ, అవి మనుష్యులకు పశువులకు ఉపయోగపడుటకనీ వాటిలో ఉన్నది. నడిచిపోయేవానికి నీడ కావాలి. కారులో చల్లని యంత్రము పెట్టుకొని పోయేవానికి నీడ అక్కరలేదు, దృశ్యము చాలు. నీడ ఇప్పటికీ కావలసినది బస్టాపులో నిలబడిన మనకే. 2015లో కేంద్రము ప్రకటించిన హరిత రహదారుల విధానము రోడ్డు వ్యయములో ఒక శాతము మొక్కలకు కేటాయించాలని చెప్పినది. మీ ఊరి దగ్గర నాటేవారు వచ్చినప్పుడు సర్పంచిగారితో కలిసి వెళ్ళి, బస్టాపు దగ్గర వేప, కానుగ అడగండి. అడగకపోతే గన్నేరు, కాగితపు పూలు వేసి వెళ్ళిపోతారు. గన్నేరును తప్పుపట్టుట లేదు. ఎదురు లైట్లను ఆపుతుంది, నీళ్ళడగదు, విషము గనుక పశువు ముట్టదు. పిల్లలను మాత్రము దాని కొమ్మ నోట పెట్టుకోనివ్వకండి.

అన్నట్టు కడియపులంకను మరచాను. అక్కడివారు రోడ్డు అందముకోసము పూలు పెంచలేదు, పొట్టకోసము పెంచారు. అమ్మే మొక్కలనే రోడ్డు ముఖమున వరుసగా పెట్టారు. నా పిల్లల కాగితములలో గోదావరి తరువాత స్థానము వారిదే. చెత్త సంగతి కూడ ఇందుకు ఎదురుగా చెప్పాలి. ఒక పిల్ల, “ఆ ఊరి దగ్గర ముక్కు మూసుకున్నాము” అని వ్రాసింది. ఏ ఊరో నాకు తెలుసు, ఊరి మొగలో కోళ్ళ వ్యర్థముల సంచులు పారవేస్తారు. కంటితో చూచినది మరచిపోయిన పిల్లలు దానిని మరచిపోలేదు.

సోదరునికి నేనిచ్చిన సలహా ఒకటే. నేనైతే ఒప్పుకోనని వ్రాశాను. కాని ఫీజు కట్టవలసినది నేను కాను గనుక, తీర్మానించేముందు ఒక పూట తల్లిగారిని వెంటబెట్టుకొని రావులపాలెములో బస్సెక్కి, తణుకువరకు వెళ్ళి రమ్మన్నాను. ఎన్నడైనా తన చేనును బస్సులోనుండి చూచినదేమో అడగమన్నాను.

ఈ పుట అచ్చుకు పోవుచుండగా జవాబు వచ్చింది. వెళ్ళారట. ఆమె డెబ్బది ఏండ్లుగా ఆ చేనులోనే ఉన్న మనిషి, ఎడమ ప్రక్క కిటికీ దగ్గర కూర్చున్నది. సిద్ధాంతము వంతెనమీద నదిని చూచింది. తరువాత అరటితోటలు, ఎవరిదో మినుముచేను. “మన చేను ఎప్పుడొస్తుందిరా” అని రెండుసార్లు అడిగింది. అప్పటికి తమ పొలము దాటి రెండు కిలోమీటర్లు వచ్చేశారట. చేను కుడి ప్రక్కన ఉన్నది, మధ్యలో గన్నేరు గుబురుగా అడ్డము వచ్చింది. సోదరుడు ఆ మాట చెప్పేసరికి ఆమె కోపపడలేదు, నవ్వలేదు. తణుకులో దిగి, టీ త్రాగి, కంపెనీవాని ఊసే ఎత్తకుండా, “తిరుగు బస్సులోనూ ఎడమ ప్రక్కనే కూర్చుందాము, అప్పుడు మన గట్టు పక్కనుండే పోతుంది గదా” అన్నదట.